కంపా: 2008 బిల్లు, 2016 చట్టం, ఫైనాన్స్ కమిషన్, సెస్సు – అడవులకు నిధులిచ్చే ప్రతిపాదనలను ఎలా పోల్చాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అడవుల నిధి కోసం 2008లో పార్లమెంటుకు వచ్చిన కంపా (పరిహార అటవీకరణ నిధి నిర్వహణ, ప్రణాళికా సంస్థ) బిల్లుకూ 2016లో చట్టమైనదానికీ తేడా ఏమిటి? వీటికి బదులు, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను సిఫారసు చేసే ఫైనాన్స్ కమిషన్ ద్వారానో, ఒక అవసరం పేరుతో వేసే అదనపు పన్ను అయిన సెస్సు వేసో డబ్బిస్తే మంచిది కాదా? లా కాలేజీలో డిబేట్ ఉంది కాబట్టి ఏ పక్షం తీసుకోవాలో చెప్పమన్నారు.

ముందు సూటిగా జవాబు. రెండు కంపా ప్రతిపాదనల్లో 2016 నాటిదే మేలు. డబ్బులో 90 శాతం చట్టప్రకారం రాష్ట్రానికి దక్కుతుంది. ఖర్చు కాకపోయినా ఏడాది చివర మురిగిపోదు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్ ఉంటుంది. కానీ రెండింటికీ పుట్టుకతో వచ్చిన లోపం ఒకటే: అడవి పోతేనే ఆ నిధిలోకి డబ్బు వస్తుంది. అడవిని నిలబెట్టుకున్న రాష్ట్రానికి ప్రతిఫలం ఇచ్చేది ఫైనాన్స్ కమిషన్ పద్ధతి. అయితే ఆ డబ్బును అడవికే ఖర్చు పెట్టాలన్న కట్టుబాటు అందులో లేదు. సెస్సు వినడానికి బాగుంటుంది గానీ, మన దేశంలో అది తేలిగ్గా దారి మళ్లింది. అందుకని ‘కంపానా, ఫైనాన్స్ కమిషనా’ అంటూ ఒక పక్షానికి కట్టుబడకండి. డబ్బు ఎక్కడ పుట్టాలి, దానికి తాళం ఎలా వేయాలి అని రెండు ప్రశ్నలుగా విడగొట్టండి. మొదటి ప్రశ్నలో ఫైనాన్స్ కమిషన్‌ది పైచేయి, రెండోదాంట్లో కంపా చట్టానిది.

ఇక కారణాలు. కాస్త ఓపికగా చదవండి, అంకెలు ఉన్నాయి.

కంపా డబ్బు ఎలా పుడుతుంది

1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం గనికో, ప్రాజెక్టుకో, రోడ్డుకో అటవీ భూమి కావాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి. అనుమతి రెండు దశల్లో వస్తుంది. మొదటి దశలో సూత్రప్రాయంగా ఒప్పుకుని షరతులు పెడతారు. యూజర్ ఏజెన్సీ, అంటే భూమి తీసుకునే సంస్థ, డబ్బు కట్టి షరతులు తీర్చాక రెండో దశలో తుది అనుమతి ఇస్తారు. కట్టేవాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, పోయిన అడవికి బదులు వేరేచోట మొక్కలు పెంచడానికయ్యే ఖర్చు. రెండోది ఎన్‌పీవీ (నికర ప్రస్తుత విలువ), అంటే ఆ అడవి రాబోయే కాలంలో ఇవ్వగలిగిన నీరు, కలప, నేల రక్షణ, జీవవైవిధ్యం లాంటి సేవలకు ఈరోజు కట్టిన విలువ.

సుప్రీంకోర్టు 2008 మార్చి 28న ఎన్‌పీవీ రేట్లు ఖరారు చేసింది. అడవి రకాన్నీ, ఎంత దట్టంగా ఉందన్నదాన్నీ బట్టి హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలు. అభయారణ్యమైతే దానికి 5 రెట్లు, జాతీయ పార్కయితే 10 రెట్లు. 2022 జనవరిలో కేంద్రం ఆ రేట్లను 9,57,780 నుంచి 15,95,790 రూపాయల దాకా పెంచింది.

100 హెక్టార్లు పోయిందనుకుని లెక్క కట్టి చూడండి. కనిష్ఠ రేటు ప్రకారం ఎన్‌పీవీ సుమారు 9.58 కోట్లు. అందులో 10 శాతం, అంటే దాదాపు 96 లక్షలు, జాతీయ నిధిలో ఉండిపోతాయి. మిగతా 8.62 కోట్లు రాష్ట్ర నిధికి వస్తాయి. 2016 చట్టం కింద వచ్చిన 2018 నిబంధనల ప్రకారం ఎన్‌పీవీ సొమ్ములో కనీసం 80 శాతం అడవి, వన్యప్రాణుల నిర్వహణ పనులకే పెట్టాలి. అంటే సుమారు 6.9 కోట్లు. శాఖకు అవసరమైన మౌలిక వసతులకు 20 శాతం మించకూడదు, అంటే 1.72 కోట్ల లోపు. మొక్కల పెంపకానికి కట్టిన సొమ్ము వేరే పద్దు, దాన్ని ఆ స్థలానికే వాడాలి. డిబేట్‌లో ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేసినా సగం గందరగోళం తీరుతుంది.

అసలు చట్టం ఎందుకు అవసరమైంది

సుప్రీంకోర్టులో అడవుల సంరక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసు (1995 నాటి రిట్ పిటిషన్ 202) విచారణలో, యూజర్ ఏజెన్సీలు కట్టిన డబ్బు రాష్ట్రాల ఖజానాల్లో కలిసిపోతోందనీ, మొక్కలు మాత్రం పెరగడం లేదనీ తేలింది. దాంతో 2002 అక్టోబరు 30న కోర్టు ప్రత్యేక నిధి పెట్టమంది. 2004లో కేంద్రం కంపాను నోటిఫై చేసినా అది పని మొదలుపెట్టలేదు. 2006 మే 5న కోర్టు తాత్కాలిక కంపాను ఏర్పాటు చేసి డబ్బంతా అక్కడికి తెప్పించింది. 2009 జులై 10న ఇచ్చిన ఉత్తర్వుతో అందులోంచి ఏడాదికి సుమారు 1,000 కోట్లు మాత్రమే రాష్ట్రాలకు విడుదల చేసే ఏర్పాటైంది. వచ్చేది ఎక్కువ, పోయేది తక్కువ కావడంతో నిల్వ పెరుగుతూ పోయింది. వేల కోట్ల ప్రజాధనం ఏ చట్టసభ అజమాయిషీ లేకుండా కోర్టు ఉత్తర్వుల మీద నడుస్తోందన్నమాట. 2008 బిల్లయినా, 2016 చట్టమైనా ఈ చిక్కును విప్పడానికి వచ్చినవే.

2008 బిల్లు ఎందుకు మురిగిపోయింది

2008 మేలో బిల్లును లోక్‌సభలో పెట్టారు. నిధి కేంద్రం చేతిలో, దాన్ని నడిపే అధికార సంస్థ ఢిల్లీలో అన్నది దాని రూపం. పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని ఒప్పుకోలేదు. అడవి రాష్ట్రానిది, పోయింది రాష్ట్రంలో, డబ్బు మాత్రం కేంద్రంలో ఉంటే సమాఖ్య స్ఫూర్తి ఏమైనట్టు అన్నది దాని అభ్యంతరం. అయినా డిసెంబరులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ మాత్రం ఆమోదించలేదు. 2009లో లోక్‌సభ రద్దవడంతో బిల్లూ పోయింది.

ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోండి. రాజ్యసభలో పుట్టి లోక్‌సభ ముఖం చూడని బిల్లు లోక్‌సభ రద్దయినా బతికే ఉంటుంది. లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో పెండింగ్‌లో ఉన్న బిల్లు మాత్రం పోతుంది. రాజ్యాంగం 107వ అధికరణంలోని 4, 5 ఉపక్లాజుల్లో ఇది ఉంది. ఎన్నికలకు నాలుగైదు నెలల ముందు లోక్‌సభ దాటిన ఏ నిధి బిల్లుకైనా ఈ గండం ఉంటుంది.

2016 చట్టం ఏం మార్చింది

బిల్లు 2015 మేలో వచ్చింది. లోక్‌సభ 2016 మే 3న, రాజ్యసభ జులై 28న ఆమోదించాయి. ఆగస్టు 3న రాష్ట్రపతి సంతకం పడింది. 2008తో పోలిస్తే ముఖ్యమైన తేడా నిధి రెండుగా చీలడం: కేంద్ర పబ్లిక్ అకౌంట్ (సాధారణ ఖజానాకు వేరుగా ఉండే ప్రభుత్వ ఖాతా) కింద జాతీయ నిధి, ప్రతి రాష్ట్రం పబ్లిక్ అకౌంట్ కింద రాష్ట్ర నిధి. రెండూ వడ్డీ వచ్చేవే, మార్చి 31తో మురిగిపోనివే. వసూలైన దాంట్లో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి.

రాష్ట్ర స్థాయిలో మూడంచెల ఏర్పాటు. గవర్నింగ్ బాడీకి ముఖ్యమంత్రి, స్టీరింగ్ కమిటీకి ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, ఎగ్జిక్యూటివ్ కమిటీకి అటవీ దళాధిపతి అయిన పీసీసీఎఫ్ నేతృత్వం వహిస్తారు. ఏటా చేసే పనుల ప్రణాళికను, శాఖలో అందరూ ఏపీఓ అనేదాన్ని, ఎగ్జిక్యూటివ్ కమిటీ తయారు చేస్తుంది. స్టీరింగ్ కమిటీ పరిశీలించి పంపుతుంది. జాతీయ అథారిటీ ఆమోదిస్తుంది. అంటే డబ్బు రాష్ట్రం ఖాతాలో ఉన్నా, ఏ పనికి ఎంత అన్నదానికి ఢిల్లీ ఆమోదం కావాలి. 2008 నాటి కేంద్రీకరణ పూర్తిగా పోయిందని ఎవరైనా వాదిస్తే ఈ దశను ఎత్తి చూపండి.

ఇంకో విషయం చాలామంది వదిలేస్తారు. చట్టం 2016 ఆగస్టులో వచ్చింది, నిబంధనలు 2018 ఆగస్టు 10న వచ్చాయి, చట్టం అమల్లోకి వచ్చింది 2018 సెప్టెంబరు 30న. ‘కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి అమల్లోకి వస్తుంది’ అన్న ఒక్క వాక్యం వల్ల రెండేళ్లకు పైగా గడిచిపోయింది. బిల్లులో అమలు తేదీ గానీ, నిబంధనలు చేయడానికి గడువు గానీ లేకపోతే దాన్ని లోపంగానే లెక్కించండి.

2019 ఆగస్టు 29న కేంద్రం రాష్ట్రాలకు 47,436 కోట్లు బదలాయించింది. తెలంగాణకు సుమారు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1,734 కోట్లు. ఒడిశాకు అందరికంటే ఎక్కువగా 5,933 కోట్లు, తర్వాత ఛత్తీస్‌గఢ్‌కు. అప్పట్లో ఈ జాబితాను రాష్ట్రాలకు అందిన వరంలా చాలామంది చదివారు. నిజానికి ఇది ఏ రాష్ట్రంలో ఎంత అడవి గనులకూ ప్రాజెక్టులకూ పోయిందో చెప్పే జాబితా. ఒక్క కాళేశ్వరానికే 3,168 హెక్టార్ల అటవీ భూమి మళ్లింది. అడవిని కాపాడుకుంటూ ప్రాజెక్టును పక్కకు జరిపిన రాష్ట్రానికి కంపాలో రూపాయి రాదు. ఈ నిధి ఉద్దేశం ఎంత మంచిదైనా, దాని ఆదాయం పెరగాలంటే అడవి తరగాలి. మనసుకు కష్టంగా ఉన్నా ఒప్పుకోవాల్సిన సంగతి ఇది.

డబ్బు ఎక్కడ ఆగుతుంది

బిల్లులను పోల్చేవాళ్లు శాతాల దగ్గర ఆగిపోతారు. అడవిలో పని చెడేది తేదీల దగ్గర.

పబ్లిక్ అకౌంట్‌లో డబ్బు ఉన్నంత మాత్రాన ఆ ప్రాంత అటవీ అధికారి అయిన డీఎఫ్‌ఓ చేతికి రాదు. రాష్ట్ర పద్దుల్లో 8121 మేజర్ హెడ్ కింద ఆ నిల్వ కనిపిస్తుంది. ఏపీఓకి ఆమోదం రావాలి, రాష్ట్ర బడ్జెట్లో కేటాయింపు ఉండాలి, ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడు గానీ డివిజన్లో బిల్లు పాసు కాదు.

ఇప్పుడు మొక్కల క్యాలెండర్ చూడండి. వచ్చే ఏడాది నాటే మొక్కలను ఈ ఏడాదే నర్సరీలో పెంచాలి. గుంతలు ఎండాకాలంలో తీసి మట్టిని ఆరనివ్వాలి. తొలకరి పడి నేల తడిశాక, జూన్ చివర నుంచి జులైలో నాటాలి. హెక్టారుకు 1,000 మొక్కలంటే 100 హెక్టార్లకు లక్ష గుంతలు. ఒక్కోటి 45 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు. ఆ పనికి కూలి మార్చి–మే మధ్య చెల్లించాలి. సరిగ్గా ఆ నెలల్లోనే పాత ఏడాది పద్దు మూసి కొత్తది తెరుస్తారు. ఆమోదం ఆగస్టులో వచ్చి, సెప్టెంబరులో డబ్బు విడుదలైతే ఏమవుతుంది? గుంతలు తవ్వీ తవ్వనట్టు తవ్వి, ముదిరిన మొక్కల్ని వానలు వెనకబడ్డాక నాటుతారు. వేరు పట్టుకోకముందే ఎండ మొదలవుతుంది. తర్వాతి ఫిబ్రవరి నాటికి అగ్గి కాలం వస్తుంది. మంటలు పాకకుండా ఖాళీగా ఉంచే ఫైర్ లైన్లు అప్పటికే శుభ్రం చేసి ఉండాలి, దానికీ ముందే డబ్బుండాలి.

అందుకే నిధి బిల్లులో నేను మొదట వెతికేది ఆమోదానికి గడువు, ఆ గడువు దాటితే ఏమవుతుంది అన్న రెండు విషయాలు. 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే అని ఒక్క క్లాజు ఉంటే, మొక్కల బతుకు శాతం మీద దాని ప్రభావం నిధి మొత్తాన్ని పదింతలు చేసినా రానంత ఉంటుంది. ఇది నా అంచనా. కానీ నాటిన చోటు పనుల రికార్డైన ప్లాంటేషన్ జర్నల్ తిరగేసిన ఎవరినైనా అడగండి, కాదనరు.

దేనికి ఖర్చు పెట్టకూడదో రాయడం

2018 నిబంధనల్లో నాకు బాగా నచ్చేది నిషేధాల జాబితా. రెగ్యులర్ సిబ్బంది జీతాలకు, విదేశీ పర్యటనలకు, జూల ఏర్పాటుకు ఈ డబ్బు వాడకూడదని ఉంది. 2008 నుంచీ నడిచిన చర్చంతా ఎవరి చేతిలో డబ్బుండాలి అన్నదాని చుట్టూ తిరిగింది. దేనికి పెట్టకూడదు అన్నది నిబంధనల్లో గానీ తేలలేదు. అయినా మళ్లింపు ఆగలేదు. ఉత్తరాఖండ్‌లో 13.86 కోట్ల కంపా సొమ్ము ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు, భవనాల మరమ్మతులు లాంటివాటికి పోయిందని కాగ్ తన నివేదికలో రాసింది. ఈ నివేదిక 2025 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర శాసనసభ ముందుకు వచ్చింది.

కాగ్ 2013 నివేదిక ఇంకా ముఖ్యం, డిబేట్‌కి దాన్ని తప్పకుండా చదవండి. మళ్లించిన అడవికి బదులుగా అటవీ శాఖకు రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086 హెక్టార్లు, అంటే 27 శాతం. మొక్కలు పెంచింది 7,280 హెక్టార్లలో, అంటే 7 శాతం. ఇక్కడ లోపం డబ్బుది కాదని గమనించండి. డబ్బు బ్యాంకులో ఉంది, భూమి లేదు. నిధి బిల్లు ఎంత చక్కగా రాసినా భూమి ఎక్కడి నుంచి రావాలో రాయకపోతే జరిగేది ఇదే. భూమి దొరకనప్పుడు క్షీణించిన అడవిలోనే రెట్టింపు విస్తీర్ణంలో నాటే వెసులుబాటు ఉంది. అప్పుడు కొత్త అడవి పుట్టదు, ఉన్న అడవిలోనే మొక్కలు చేరతాయి. పైగా ‘క్షీణించిన అడవి’ అని కాగితంలో రాసింది చాలాచోట్ల పశువులు మేసే గడ్డి నేలో, గిరిజనులు పోడు చేసుకునే నేలో అయి ఉంటుంది.

గ్రామసభ సంగతి

రాజ్యసభలో అసలు పోరు దీని మీదే జరిగింది. 2016 జులైలో కాంగ్రెస్ ఎంపీ జైరాం రమేశ్ గ్రామసభ పాత్రను చట్టంలోనే చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. నిబంధనల్లో చూసుకుంటామని అప్పటి పర్యావరణ మంత్రి అనిల్ మాధవ్ దవే హామీ ఇచ్చాక బిల్లు గట్టెక్కింది. 2018 నిబంధనల్లో గ్రామసభతో గానీ, గ్రామ అటవీ యాజమాన్య కమిటీతో గానీ సంప్రదించాలని వచ్చింది. సమ్మతి తీసుకోవాలని రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు ఉన్న చోట సంప్రదింపు సరిపోదన్నదే గిరిజన సంఘాల వాదన, న్యాయమైనదే. మన దగ్గర కమిటీ అంటే వీఎస్‌ఎస్ (వన సంరక్షణ సమితి). దాని తీర్మానం గ్రామసభ తీర్మానానికి సాటి రాదు. ఆదిలాబాద్ వైపైనా, పాడేరు వైపైనా పోడు భూమిలో ప్లాంటేషన్ పెట్టడం దగ్గరే గొడవలు మొదలవుతాయి. ఈ క్లాజును బలహీనంగా వదిలేస్తే నాటిన మొక్క మనుషుల కోపానికే పోతుంది, ఎండదాకా అక్కర్లేదు.

చట్టంలో రాసిన హామీ వేరు, సభలో ఇచ్చిన హామీ వేరు అన్నదానికి ఇంకో ఉదాహరణ 2019 బదలాయింపు. ఈ డబ్బు రాష్ట్ర బడ్జెట్‌కు అదనమనీ, అటవీ శాఖ మామూలు కేటాయింపులు తగ్గకూడదనీ కేంద్రం అప్పుడు ప్రకటించింది. మంచి మాటే. కానీ కంపా వస్తోంది కదా అని ఆర్థిక శాఖ మామూలు కేటాయింపు తగ్గిస్తే ఎవరు అడ్డుకుంటారు? ‘గత మూడేళ్ల సగటు కంటే రాష్ట్ర అటవీ బడ్జెట్ తగ్గితే ఆ మేరకు విడుదల ఆపాలి’ లాంటి క్లాజు బిల్లులోనే ఉండాలి.

ఫైనాన్స్ కమిషన్ దారి

12వ కమిషన్ అడవుల కోసం రాష్ట్రాలకు 1,000 కోట్లు ఇచ్చింది. 13వది దాన్ని 5,000 కోట్లకు పెంచి, తర్వాతి ఏళ్ల విడుదలను వర్కింగ్ ప్లాన్ల (డివిజన్‌లో అడవి నిర్వహణ ప్రణాళికల) ఆమోదానికి ముడిపెట్టింది. ఆ షరతు మంచిదే. పదేళ్ల వర్కింగ్ ప్లాన్ లేని డివిజన్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియదు. వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ కమిషన్ గ్రాంటు పద్ధతిని పక్కనపెట్టి పెద్ద అడుగు వేసింది. రాష్ట్రాల మధ్య పన్నుల వాటా పంచే సూత్రంలోనే అడవికి 7.5 శాతం బరువు ఇచ్చింది. 15వ కమిషన్ దాన్ని 10 శాతం చేసింది. రెండింటిలోనూ లెక్కలోకి వచ్చేది దట్టమైన, మధ్యస్థ దట్టమైన అడవి.

ఇందులో గొప్పతనం ఏమిటంటే, అడవి నిలబడి ఉన్నంత కాలం డబ్బు వస్తుంది. 13వ కమిషన్ మొత్తం అయిదేళ్లకు ఇచ్చిన 5,000 కోట్లతో పోలిస్తే, కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకిచ్చే వాటాలో 7.5 శాతం అంటే ఎన్నో రెట్ల పెద్ద మొత్తం. లోపాలు రెండు. ఒకటి, అది రాష్ట్రం సంచిత నిధిలో, అంటే సాధారణ ఖజానాలో, కలిసిపోతుంది. అడవి పేరు మీద వచ్చిన డబ్బు పింఛన్లకు వెళ్లినా తప్పు పట్టలేం. రెండోది, సూత్రం అయిదేళ్లకోసారి మారుతుంది. చట్టం కాదు, సిఫారసు. ‘ఈ కమిషన్ ఇచ్చింది, వచ్చేది ఇవ్వాలని లేదు’ అని మీ ఎదుటి పక్షం అంటే ఒప్పుకోక తప్పదు.

సెస్సు దారి

2010 జులైలో టన్ను బొగ్గుకు 50 రూపాయలతో శుద్ధ ఇంధన సెస్సు మొదలైంది. 2016కి అది 400 అయింది. 2010–11 నుంచి 2017–18 దాకా వసూలైంది సుమారు 86,440 కోట్లు. జాతీయ శుద్ధ ఇంధన నిధికి బదలాయించింది 29,645 కోట్లు. ఖర్చయింది 15,911 కోట్లు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు రాష్ట్రాల నష్టపరిహార సెస్సులో కలిసిపోయింది. ఇది నేరుగా అడవుల నిధి కాదు, కానీ పర్యావరణం పేరుతో వేసిన సెస్సు గతి ఏమవుతుందో తెలుసుకోడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. సెస్సు ముందు సంచిత నిధిలో పడుతుంది, అక్కడి నుంచి నిర్దేశిత నిధికి ఏటా పార్లమెంటు ఆమోదంతో బదలాయించాలి. ఆ బదలాయింపు చేయకపోతే శిక్ష లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు అక్కడి భూమి–నీటి సంరక్షణ నిధిని ఆదర్శంగా చూపిస్తుంటారు. దాని చరిత్ర కూడా ఇదే జబ్బు. 1964లో చట్టం వచ్చింది, 1968 నుంచి సముద్రంలో తీసే చమురు, గ్యాస్ రాయల్టీ దానికి ఆధారమైంది, తర్వాత ఏటా 90 కోట్ల డాలర్ల స్థాయి నిర్ణయమైంది. కానీ ఖర్చు పెట్టాలంటే ఏటా కాంగ్రెస్ కేటాయించాలి. దశాబ్దాల పాటు జమైన దాంట్లో సగం కూడా కేటాయించలేదు. 2015లో ఒకసారి, 2018లో ఇంకోసారి చట్టం గడువే ముగిసిపోయింది. 2019లో డింగెల్ చట్టంతో శాశ్వతమైంది, అయినా కేటాయింపు ఏటా అడుక్కోవాల్సిందే. 2020 ఆగస్టులో వచ్చిన గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టంతో గానీ ఆ 90 కోట్లు తప్పనిసరి ఖర్చు కాలేదు. అదే చట్టం పార్కుల మరమ్మతుల బకాయికి వేరే నిధి పెట్టి, ఏడాదికి గరిష్ఠంగా 190 కోట్ల డాలర్ల చొప్పున అయిదేళ్లే ఇచ్చింది. ఒకే చట్టంలో ఒక నిధి శాశ్వతం, ఇంకోటి తాత్కాలికం. పోల్చడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు: ‘నిధి ఏర్పాటు’, ‘నిధిలో జమ’, ‘నిధి నుంచి ఖర్చు’ మూడు వేర్వేరు క్లాజులు. మూడింట్లో ఏది కచ్చితం, ఏది ఐచ్ఛికం అని విడివిడిగా గుర్తు పెట్టుకోవాలి.

మీరు కూర్చుని పోల్చేటప్పుడు

ముందు సరైన కాగితాలు తెచ్చుకోండి. సభలో పెట్టినప్పటి బిల్లు, స్థాయీ సంఘం నివేదిక, సభ ఆమోదించిన పాఠం, గెజిట్ చట్టం, నిబంధనలు. వార్తల్లో వచ్చిన సారాంశంతో పోల్చకండి. బిల్లు చివర అతికించి ఉండే ఆర్థిక మెమొరాండాన్నీ, ప్రభుత్వానికి వదిలేసిన నిబంధనల మెమొరాండాన్నీ ముందు చదవండి. రెండోదాంట్లో ఎన్ని విషయాలు ‘నిబంధనల ద్వారా నిర్ణయిస్తాం’ అని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ సంఖ్య పెద్దదైతే మీరు చదువుతున్నది సగం బిల్లే.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద ఒక్కో ప్రతిపాదనకు ఒక్కో నిలువు గడి గీసి, అడ్డంగా ఈ ప్రశ్నలు రాయండి: డబ్బు దేని నుంచి వస్తుంది, అది పెరగాలంటే అడవికి ఏం కావాలి, సంచిత నిధా, పబ్లిక్ అకౌంటా, మురిగిపోతుందా, ఎవరి ఆమోదం, ఎన్ని రోజుల్లో, దేనికి పెట్టకూడదు, మామూలు బడ్జెట్ తగ్గకుండా కాపాడే క్లాజు ఉందా, భూమి ఎక్కడిది, గ్రామసభది సమ్మతా, సంప్రదింపా, అమలు తేదీ ఏది. ప్రతి గడిలో సెక్షన్ నంబరు వేయండి. నంబరు దొరకని గడిని ఖాళీగా వదలండి, ఊహించి నింపకండి. డిబేట్‌లో మీకు పనికొచ్చేవి ఆ ఖాళీ గడులే.

నన్ను ఒక్క ప్రతిపాదన రాయమంటే: ఫైనాన్స్ కమిషన్ వాటాలో అడవి బరువుకు వచ్చిన మొత్తంలో కనీసం నాలుగో వంతు రాష్ట్ర పబ్లిక్ అకౌంట్‌లోని మురిగిపోని నిధికి తప్పనిసరిగా జమ కావాలని రాష్ట్ర శాసనసభ చట్టం చేయాలి. దానికి కంపా తరహా నిషేధాల జాబితా, కాగ్ ఆడిట్ ఉండాలి. ఆమోదం రాష్ట్రంలోనే, మార్చి 31లోపు పూర్తి కావాలి. కంపాను అలాగే ఉంచాలి, కానీ దాన్ని పరిహారంగానే చూడాలి. సంరక్షణ బడ్జెట్ అని పిలవకూడదు. నాలుగో వంతు అన్నది నేను అనుకుంటున్న అంకె, రాష్ట్రం ఆర్థిక పరిస్థితిని బట్టి బేరం చేయొచ్చు. ‘తప్పనిసరిగా’ అన్న మాట దగ్గర మాత్రం బేరం వద్దు.

మీ జిల్లా ఉదాహరణ కావాలంటే డీఎఫ్‌ఓ కార్యాలయంలో ఆర్‌టీఐ దరఖాస్తు పెట్టండి. గత మూడేళ్లకు ఏపీఓ ఆమోదం అందిన తేదీ, నిధులు విడుదలైన తేదీ, నాటిన తేదీ, బతికిన మొక్కల శాతం – ఈ నాలుగూ ప్లాంటేషన్ వారీగా అడగండి. ‘మొత్తం వివరాలు ఇవ్వండి’ అని రాస్తే వందల పేజీలకు రుసుం కట్టమంటారు, లేదా సమాచారం విస్తారంగా ఉందని తిప్పి పంపుతారు. ఒక రేంజి (డివిజన్‌లోని చిన్న విభాగం) పేరు రాసి, ఆ రేంజికే పరిమితం చేయండి. సమాధానానికి గడువు 30 రోజులు, కాబట్టి డిబేట్ తేదీకి కనీసం నెలన్నర ముందే పెట్టండి.